మూడో అంతస్తు వాళ్ళ వీణ

'మూడో అంతస్తు' బ్యాండు ఆడవాళ్ళ తగువులతో మూతపడిందని అజ్మాన్‌లో గానీ షార్జాలో గానీ ఎవరైనా మీతో అంటే నమ్మకండి. ఆ మాట పుట్టించిన పెద్దమనిషి నాకు తెలుసు. నోట్లో వక్కపొడి, చేతిలో రెండు ఫోన్లు, ఎదురైన ప్రతివాళ్ళకీ అదే కథ చెప్పుకుంటూ తిరిగాడు. నేను ఆ చలికాలం మొదలు నుంచి ఉగాది దాకా ఆ మూడో అంతస్తులోనే ఉన్నాను. జరిగినదంతా నా కళ్ళముందే జరిగింది. నన్నెవరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతాను, లేకపోతే నాకు తిన్నది అరగదు.

మా అబ్బాయి వేణుగోపాలరావు దుబాయ్‌లో ఒక కంపెనీలో లెక్కలు చూసేవాడు. ఉద్యోగం దుబాయ్‌లో గానీ కాపురం అజ్మాన్‌లో. అద్దెలు అక్కడ కాస్త నయం. తెల్లవారకముందే కారు తీస్తే గానీ ఆ ట్రాఫిక్‌లో ఆఫీసుకి అందుకోలేడు. రెండువేల పన్నెండులో మా మనవడు చరణ్‌తేజ్‌ని ఇంటరు చదువుకి హైదరాబాదు హాస్టల్లో వేశారు. ఇల్లు బోసిపోయింది, నువ్వొచ్చి కొన్నాళ్ళుండమ్మా అని ఆ శీతాకాలం నాకు టిక్కెట్టు పంపాడు.

నేను వెళ్ళేసరికి కోడలు వైదేహి వీణ తీసింది. అన్నేళ్ళూ దుప్పటి చుట్టి బీరువా పక్కన దాచిన వీణ. పిల్లాడి చదువు, వంట, బట్టలు, చుట్టాలు, ఇవన్నీ అయ్యాక ఎప్పుడైనా ఓ గంట లోపల కూర్చుని మీటుకునేదట. ఇప్పుడు పిల్లాడు లేడు కదా, మధ్యాహ్నం పూట లోపలి గదిలో చాప వేసుకుని కూర్చునేది. ఆ గదిలో ఏసీ రాత్రింబగళ్ళు తిరగాల్సిందే. మేం బజారుకి వెళ్ళినా ఆపేది కాదు. మనుషుల్లేని గదికి చల్లదనమెందుకని మావాడు విసుక్కునేవాడు. ఎందుకో ఒక్కనాడన్నా అడిగాడా అంటే అడగలేదు. నేనడిగాను. వీణ మెట్లు, అంటే తీగల కింద వరసగా ఉండే ఇత్తడి కడ్డీలు, మైనంలో కూర్చుని ఉంటాయట. నల్లటి మైనం. వేడి తగిలిందా అది జారుతుంది, మెట్లు కదులుతాయి, ఇక స్వరం పలకదు. "ఈ ఎండల దేశంలో దీన్ని చంటిపిల్లలా చూసుకోవాలి అత్తయ్యా" అంది.

ఒక మధ్యాహ్నం మోహనలో ఏదో కీర్తన వాయిస్తోంది. గోడ అవతల నుంచి కీబోర్డు అందుకుంది. వైదేహి ఆపింది. అదీ ఆగింది. వైదేహి మళ్ళీ మొదలుపెట్టింది. అదీ మళ్ళీ వెంటబడింది. నాకైతే ఒళ్ళు మండింది, ఎవరో వెక్కిరిస్తున్నారనుకున్నాను. వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాను. స్వర్ణ అని జగిత్యాల వైపు పిల్ల. మొగుడు రాజేశ్వర్ కార్ల సామాన్ల కంపెనీలో వ్యాను నడుపుతాడు. ఆ పిల్ల బిల్డింగులో పిల్లలకి కీబోర్డు నేర్పుతుంది. నన్ను చూసి నాలిక కరుచుకుని, "అత్తమ్మా, తప్పు వట్టుకోకుండ్రి. అక్క వాయిస్తుంటే నా చేతులు ఆగుతలేవు" అంది. అలా అన్నదాన్ని ఏం తిడతాను? చెయ్యి పట్టుకుని మా ఇంట్లోకి తీసుకొచ్చాను.

మూడోవాడు సుజిత్. బెజవాడ కుర్రాడు. వరండా చివర బ్యాచిలర్ల గదిలో ఉండేవాడు, రాత్రి డ్యూటీ. పగలు నిద్ర పట్టనివ్వడం లేదని దెబ్బలాటకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా చేసుకుని గుమ్మంలో నిలబడి, లోపల ఇద్దరూ ఆపకపోయేసరికి అక్కడే మా చెప్పుల పెట్టె మీద చతికిలబడ్డాడు. కాసేపటికి చూద్దును కదా, ఆ పెట్టె మీదే దరువు వేస్తున్నాడు. వచ్చిన పని మర్చిపోయాడు. "మామ్మగారూ, మీ చెప్పుల పెట్టె మంచి శృతిలో ఉందండీ" అన్నాడు. తర్వాత డోలు లాంటి చెక్కపెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. దాని మీదే కూర్చోవాలి, దాన్నే కొట్టాలి. అదేం వాయిద్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకు సయించలేదు. పెద్దలు భక్తితో కట్టిన కీర్తనకి ఈ డబ్బా దరువేమిటి, ఆ కీబోర్డు గుబగుబలేమిటి అని వైదేహిని నిలదీశాను. అది నవ్వి, కళ్ళు మూసుకుని వినమంది. విన్నాను. కీర్తన ఎక్కడిదక్కడే ఉంది. గమకాలు గమకాల్లాగే ఉన్నాయి. రాగం మీద వీళ్ళు చెయ్యి వెయ్యలేదు, దాని కింద ఒక బండి కట్టారు, అంతే. నడిచి వెళ్ళేది పరుగెత్తుతోంది. నా కాలు నాకు తెలియకుండానే ఆడుతోంటే స్వర్ణ చూసి సుజిత్‌కి సైగ చేసింది. ఇద్దరూ కిసుక్కుమన్నారు.

పేరు కూడా అలాగే వచ్చింది. కింద వాళ్ళు ఆ గోలేమిటని అడిగితే నాతూర్ పోశయ్య, అంటే ఆ బిల్డింగు కాపలావాడు, "అది మూడో అంతస్తోల్ల బ్యాండు" అన్నాడట. అదే ఖాయమైంది.

మొదటిసారి బయట వాయించింది దుబాయ్ కూలీల క్యాంపులుండే సోనాపూర్‌లో. స్వర్ణ తమ్ముడు మల్లేశ్ అక్కడి క్యాంపులో ఉంటాడు, బిల్డింగుల పని. శుక్రవారం సెలవు, క్యాంపు బాస్‌ని అడిగి రమ్మన్నాడు. రాజేశ్వర్ వ్యానులో వెళ్ళాం. మూడంతస్తుల రేకుల బారకాసులు, వరండా కమ్ముల మీద ఆరేసిన లుంగీలు, ఒక పక్క బియ్యం ఉడుకుతున్న వాసన. జనం పోగయ్యారు. వైదేహి కొంగు బిగించుకుని చాప మీద కూర్చుంది. శృతి సరిగ్గానే ఉన్నా బిరడలు మళ్ళీ మళ్ళీ తిప్పింది. ఒక్క కీర్తన అయిందో లేదో మల్లేశ్ లేచాడు.

"అక్కా, గిది గుడి పాటనా, డాన్సు పాటనా? ముందుగాల గది జెప్పుండ్రి. చెప్పులు ఇడువాల్నా, ఉంచుకోవాల్నా?"

అందరూ గొల్లుమన్నారు. వైదేహి కూడా నవ్వేసింది. "కూర్చుని వింటే విడువు తమ్ముడూ, ఎగిరితే ఉంచుకో" అంది. ఆ నవ్వుతోనే దాని బెరుకు పోయింది. కొందరు చెప్పులు విడిచి చాపల మీదకి చేరారు, కొందరు ఉంచుకునే ఎగిరారు. గదుల్లో పడుకున్న వాళ్ళు కూడా తలుపులు తీసుకుని వరండాల్లోకి వచ్చారు. సినిమా పాటలు కొట్టమన్నవాళ్ళూ లేకపోలేదు. కొట్టలేదని గొణిగినవాళ్ళూ ఉన్నారు. అయినా ఎవరూ లోపలికి పోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో, అజ్మాన్ దగ్గర పడ్డాక వైదేహి అంది: "అత్తయ్యా, ఇన్నేళ్ళూ నేను వాయిస్తుంటే మీ అబ్బాయి వచ్చి తలుపు దగ్గరగా వేసి వెళ్ళేవారు, టీవీ వినపడదని. ఇవాళ అంతమంది నా కోసం తలుపులు తీశారు. ఇక నేను తలుపేసుకుని వాయించలేను."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

ఆ రోజు ఎవరో ఫోన్లో తీసింది ఫేసుబుక్కులో పెట్టారు. అది ఎక్కడెక్కడికో పోయింది. పుట్టినరోజులకీ, గృహప్రవేశాలకీ పిలిచేవారు. దుబాయ్ కరామాలో ఒక హోటలు మేడ మీద వాయించారు, అబుదాబి నుంచి కూడా కబురొచ్చింది. వంటింట్లో పోపు మాడుతుంటే స్వర్ణ పరుగున వచ్చి పొయ్యి కట్టేసేది, వైదేహి వీణ ముందునుంచి లేచేది కాదు. అన్నంలో కూర లేకపోయినా ఆ నెలల్లో అది తిన్న తిండి వంటికి పట్టింది. మొహం తేటపడింది. మా వాడు కూడా మారాడు. మా మిసెస్ వీణ వాయిస్తుందండీ అని ఆఫీసులో అందరికీ ఆ వీడియో పంపాడు. తలుపు వేసిన చెయ్యే పంపింది. పోనీలే, ఇప్పటికైనా బుద్ధి వచ్చిందనుకున్నాను.

అక్కడే వచ్చింది ముప్పు. ఆ వీడియో చూసినవాళ్ళలో మా వాడి ముదీర్ ఉన్నాడు. ముదీర్ అంటే మేనేజరు, ఉద్యోగం వాడి చేతిలో ఉంటుంది. పేరు వెంకట్రావు. ఆయనే అక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడు కూడా. ఒక సాయంత్రం స్వీట్లు పట్టుకుని ఇంటికొచ్చాడు. ఉగాది సంబరాల్లో మూడో అంతస్తు వాళ్ళదే పెద్ద ఐటం అన్నాడు, కాఫీ తాగాడు, వీణ వైపు చూస్తూ మా ఆమని కూడా నేర్చుకుందండీ అన్నాడు. ఆమని ఆయన కూతురు, ప్లస్‌టూ చదువుతోంది. వైదేహి సంతోషించింది. కొత్త కీర్తన ఒకటి హంసధ్వనిలో తయారుచేశారు. సుజిత్ తన లాప్‌టాపు తెచ్చి, మా పడకగది తలుపులకి దుప్పట్లు కట్టి, ఎవరి వాయిద్యం వాళ్ళది విడివిడిగా రికార్డు చేశాడు. తర్వాత వినుకుని తప్పులు దిద్దుకోవడానికట.

ఉగాది దగ్గర పడ్డాక ఒకరోజు అన్నం తింటూ మావాడు కంచంలోకి చూస్తూ మొదలుపెట్టాడు. ఉగాదికి టీవీ చానెల్ వాళ్ళు వస్తున్నారు. కుర్రకారు బ్యాండు అయితేనే చూపిస్తామన్నారు. అందుకని వీణ దగ్గర ఆమనిని కూర్చోబెడితే బాగుంటుందని వెంకట్రావు గారు అనుకుంటున్నారు.

"ఆమని నాలుగైదేళ్ళే నేర్చుకుందిగా. ఈ హంసధ్వని వాయించగలదా?" అని వైదేహి అడిగింది. పాపం, ఆ పిల్లకి నేర్పాలేమో అనుకుంటోంది.

"వాయించక్కర్లేదు. నీ రికార్డింగు వేస్తారు. సుజిత్ దగ్గర పెన్‌డ్రైవ్ తీసుకుని నేనే ఇచ్చాను. స్వర్ణ, సుజిత్ మామూలుగానే వాయిస్తారు. ఆమని చేతులు ఆడిస్తుంది. నువ్వు ముందు వరసలో హాయిగా కూర్చోవచ్చు. శబ్దం మనదే వైదేహీ, మనిషే మారుతుంది."

నా చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది.

"ఒరేయ్ వేణూ, రేపు నీ కుర్చీలో నీ ముదీర్ అల్లుడు కూర్చుని నీ జీతం తీసుకుంటాడు. ఒప్పుకుంటావా? పని నీదే కదా, మనిషేగా మారేది."

"అమ్మా, నీకు ఇక్కడి సంగతులు తెలియవు. ఆయన్ని కాదంటే నాకు ఖలాస్. కంపెనీలో ఇప్పటికే మనుషుల్ని తీసేస్తున్నారు. ఒక్క పూట సంగతి. దీనికి ఇంత రాద్ధాంతమా?"

"నువ్వు రికార్డింగు ఎవర్నడిగి ఇచ్చావు?"

వాడు మజ్జిగ కోసం కంచం ముందుకు జరిపాడు. వైదేహి వాడికి మజ్జిగ పోసింది. పోసి, నిలబడే అడిగింది, "వీణ కూడా కావాలా?"

"కావాలి మరి. ఆమని వీణ ఇండియాలో ఉందట."

"సరే" అంది. ఆ ఒక్కటే అంది. వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. నేను వెనకే వెళ్ళి, ఒప్పుకోకు, నేనున్నాను, నేను చూసుకుంటాను అని పోరాను. "ఉద్యోగం పోతే చరణ్ చదువేమవుతుంది అత్తయ్యా" అంది. దాని నోరు అక్కడ నొక్కారు చూశారా. పిల్లాడి పేరు చెప్పి తల్లుల నోరు నొక్కడం ఎంత తేలికో ప్రతి మగాడికీ తెలుసు.

స్వర్ణ అయితే అగ్గిమీద గుగ్గిలమైంది. "అక్క లేకుంటే నేను కీబోర్డు ముట్ట. ఆ పోరితోని నాకేం పని?" అంది. సుజిత్ పెన్‌డ్రైవ్ ఇచ్చినందుకు తన చెంపలు తనే వాయించుకున్నాడు. అన్నగారు అడిగితే అక్క వినడానికేమో అనుకున్నాను మామ్మగారూ అని నా ముందు కూలబడ్డాడు. వైదేహే ఇద్దర్నీ కూర్చోబెట్టి బతిమాలింది. నా కోసం వాయించండి, మీరు మానేస్తే ఆయన మీదకొస్తుంది అంది. దాన్ని బతిమాలవలసిన వాళ్ళు ఎవరూ బతిమాలలేదు, అదే అందర్నీ బతిమాలింది.

రెండువేల పదమూడు ఉగాది గురువారం వచ్చింది. సంబరాలు మర్నాడు శుక్రవారం, సెలవు కనుక. షార్జాలో ఒక ఇండియన్ స్కూలు హాల్లో. మా వాడు కమిటీలో ఉన్నాడు, పొద్దున్నే వెళ్ళాలి. వీణని వైదేహే పెట్టెలో పెట్టి, చుట్టూ పాత చీరలు కుక్కి, కారు వెనక సీట్లో తనే పడుకోబెట్టింది. "వెళ్ళగానే లోపల ఏసీలో పెట్టండి. కారులో ఉంచకండి" అని చెప్పింది. వాడు ఫోను చెవిన పెట్టుకుని అలాగే అలాగే అన్నాడు. ఏప్రిల్ ఎండ. అక్కడ కారు తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టుంటుంది. వాడు వెళ్ళాడు, కుర్చీలు వేయించాడు, పూలదండలకి పరుగెత్తాడు, చానెల్ వాళ్ళకి ఎదురెళ్ళాడు, వెంకట్రావు వెనక తిరిగాడు. వీణ మధ్యాహ్నం దాకా ఆ కారులోనే ఉంది. వీణ ఉన్న ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి అండీ. పరాయివాడు మర్చిపోతే క్షమిస్తాను.

సాయంత్రం మేం వెళ్ళాం. హాలు కిటకిటలాడుతోంది. పట్టుచీరలు, మల్లెపూల మాలలు, ఉగాది పచ్చడి కాగితం కప్పుల్లో. మమ్మల్ని ముందు వరసలోనే కూర్చోబెట్టారు, మర్యాద చేస్తున్నట్టు. యాంకరమ్మాయి మైకు పట్టుకుని, ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్న బ్యాండు, 'ఆమని అండ్ ఫ్రెండ్స్' అంది. మూడో అంతస్తు అన్న పేరు కూడా మింగేశారు. వైదేహి నా వైపు చూడలేదు. ఒళ్ళో చేతులు ముడుచుకుంది.

తెర లేచింది. ఒక పక్క స్వర్ణ, మొహం గంటు పెట్టుకుని. ఒక పక్క సుజిత్, పెట్టె మీద. మధ్యలో ఆమని, లంగాఓణీలో బొమ్మలా ఉంది, ఒళ్ళో మా వీణ. ఆ పిల్ల వీణ మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది. తల ఎత్తి పక్క తెర వైపు చూసింది. అక్కడ వెంకట్రావు, కానీ కానీ అని చెయ్యి ఊపుతున్నాడు. నా చూపు ఇప్పటికీ మంచిదే. లైట్ల వెలుగులో నాకు స్పష్టంగా కనిపించింది. మెట్లు కొన్ని ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి ఉన్నాయి. నల్ల మైనం పక్కకి కారి గడ్డకట్టింది. పిల్ల ఓణీకి కూడా నల్ల మరక అంటింది.

"మెట్లు పోయాయి అత్తయ్యా" అంది వైదేహి.

ఇంతలో పాట మొదలైంది. స్పీకర్లలోంచి వీణ ఎంత చక్కగా వచ్చిందంటే, మా పడకగదిలో దుప్పట్ల మధ్య కూర్చుని మా కోడలు మీటిన ప్రతి గమకం వినిపించింది. ఆమని ఆ ఒరిగిన మెట్ల మీద వేళ్ళు ఆడిస్తోంది. ఆ మెట్ల మీద ఒక్క స్వరం కూడా పలకదు. హాలు నిండా సంగీతప్రియులు. నాకు రెండోపక్క కూర్చున్న ఒకాయన, జరీ కండువా వేసుకుని, తొడ మీద తాళం వేస్తూ నా వైపు వంగాడు. "పాప చెయ్యి ఎంత తేటగా పడుతోందో చూశారా? ఈ కాలంలో ఇంత సాధన ఎవరు చేస్తారండీ" అన్నాడు. నాకు ఆయన కండువా లాగి ఆయన కళ్ళకే కట్టాలనిపించింది. ఎలాగూ వాటితో పని లేదు కదా.

నేను ఆయన మీంచి చూపు తిప్పుకుని ఇటు తిరిగేసరికి పక్క కుర్చీ ఖాళీ.

వైదేహి స్టేజీ మెట్ల దగ్గర ఉంది. అక్కడ చెప్పులు విడిచింది. పైకెక్కింది. హడావుడి ఏమీ లేదు, పూజగదిలోకి వెళ్తున్నట్టే వెళ్ళింది. ఆమని ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. ఆ పిల్ల చేతులు తీసేసింది. వైదేహి వీణని ఎత్తుకుని, భుజానికి ఆనించుకుని, వెనక తలుపు వైపు నడిచింది. సుజిత్ కొట్టడం ఆపేశాడు. స్వర్ణ కీబోర్డు మీంచి చేతులు ఎత్తేసింది.

వీణ మాత్రం ఆగలేదు. స్టేజీ మీద వీణ లేదు, స్పీకర్లలో ఉంది. దరువు లేకుండా, కీబోర్డు లేకుండా, ఒంటరిగా చరణం అందుకుంది. కొత్త గమకం ఒకటి వేసింది, సంగతి మీద సంగతి కలిపింది. ఆమని ఖాళీ ఒడిలో చేతులు పెట్టుకుని తలవంచుకుంది. ఆ పెన్‌డ్రైవ్ ఎలా ఆపాలో తెలిసినవాడు ఎక్కడికి పోయాడో, వెంకట్రావు రెండు ఫోన్లూ పట్టుకుని ఇటూ అటూ పరుగెత్తాడు. నేను లేచి జరీ కండువాయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. తాళం వేసే చెయ్యి తొడ మీదే ఉండిపోయింది.

నేను కూడా వెనక తలుపు గుండా బయటికొచ్చాను. కార్లు ఆపే చోట వైదేహి వీణతో నిలబడి ఉంది, కాళ్ళకి చెప్పుల్లేవు. నా వెనకే ఆమని పరుగున వచ్చింది, చేతుల్లో వైదేహి చెప్పులు. వంగి కాళ్ళ దగ్గర పెట్టింది. "ఆంటీ, నేను నాన్నతో వద్దనే చెప్పాను" అంది. వైదేహి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఆ రోజు ఆ హాల్లో కాస్త సిగ్గు ఉన్నది దానికొక్కదానికే.

వైదేహి మా కారెక్కలేదు. వీణని ఒళ్ళో పెట్టుకుని రాజేశ్వర్ వ్యానులో వెళ్ళిపోయింది. నేను కావాలనే మావాడి కారులో కూర్చున్నాను. వెనక సీటు మీద నల్ల మైనం మరక అలాగే ఉంది. వాడు దాన్ని చూశాడు. చూసి కూడా, స్టీరింగు పట్టుకుని, "రేపు ఆఫీసులో మొహం ఎలా చూపించనమ్మా" అన్నాడు.

"దాని మొహం నువ్వు చూపించనివ్వలేదు. నీ మొహం సంగతి నన్నడుగుతున్నావా?" అన్నాను.

ఉద్యోగం పోలేదండీ. అదే నాకు కడుపు రగిలిపోయేది. వెంకట్రావు కొన్నాళ్ళు ముటముటలాడాడు, మావాడిని ఇంకో సెక్షనుకి మార్చాడు, అంతే. దేనికి భయపడి పెళ్ళాం చేతిలోంచి వీణ తీసి ఇచ్చాడో అది జరగనే లేదు. జరిగి ఉంటే మాత్రం ఇవ్వొచ్చా? అదో మాట. ఇక సంఘంలో మాత్రం కథ మారిపోయింది. మూడో అంతస్తు ఆడవాళ్ళు స్టేజీ మీదే కొట్టుకున్నారట, పెద్దావిడకి చిన్నపిల్ల మీద అసూయట. మా కోడలికి అసూయ! నన్ను అడిగిన వాళ్ళకి నేను చెప్పాను. అడిగినవాళ్ళు తక్కువ. మునుపు పిలిచినవాళ్ళు మళ్ళీ పిలవలేదు. రాజేశ్వర్ వాళ్ళని కంపెనీ అబుదాబిలో ముసఫాకి మార్చింది. సుజిత్‌కి దోహాలో పని దొరికింది. వెళ్ళేముందు వచ్చి, మా చెప్పుల పెట్టె మీద కాసేపు కూర్చుని వెళ్ళాడు. ఒక్క చలికాలం, అంతే ఆ బ్యాండు బతుకు.

అజ్మాన్‌లో మెట్లు మళ్ళీ కూర్చోబెట్టేవాళ్ళు లేరు. వీణలు చేసే నూజివీడు తీసుకెళ్ళాలి. నా వీసా అయిపోవచ్చింది, నాతో వస్తానంది వైదేహి. ఎన్నాళ్ళు అని మావాడు అడిగితే, వీణ పలికేదాకా అంది. తర్వాత అని అడిగాడు. తర్వాత సంగతి పలికాక చూద్దాం అంది. ఆ ఇంట్లో అంతకు ముందు అలాంటి జవాబు ఎవరూ ఇవ్వలేదు. వాడు లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఏసీ వైపు చూస్తూ ఉండిపోయాడు. పలికే వీణ లేని ఆ గదిలో ఏసీ మాత్రం ఇంకా తిరుగుతోంది. కట్టెయ్యమని ఈసారి వాడు అనలేదు.

వాడే వెళ్ళి వీణకి కూడా ఒక సీటు టిక్కెట్టు తీశాడు. చెప్పలేదు, టిక్కెట్లు చేతికి ఇచ్చినప్పుడు చూశాం. ఎయిర్‌పోర్టులో పెట్టె కూడా వాడే మోశాడు. అన్ని దేశాల విమానాలకీ ఒకటే కౌంటరు, అక్కడి కుర్రాడు ఆ పెద్ద పెట్టెని చూసి లేచి నిలబడ్డాడు. ఇదేమిటి, ఎవరిది అని హిందీలో అడిగాడు.

"మా ఆవిడది. ఆవిడ వాయిస్తుంది" అన్నాడు మావాడు హిందీలోనే, మెల్లిగా.

వైదేహి ఆ రోజు తర్వాత మొదటిసారి వాడి వైపు తిరిగి సూటిగా చూసింది.

"ఇంకోసారి చెప్పండి" అంది.

వాడి మెడ ఎర్రబడింది. చెప్పాడు. ఈసారి గట్టిగా చెప్పాడు. వెనక వరసలో నిలబడ్డ వాళ్ళంతా తలలు తిప్పి చూశారు, మలయాళీలు, పాకిస్తాన్ వాళ్ళు, ఫిలిప్పీన్స్ పిల్లలు. వినాల్సిన తెలుగువాడు ఒక్కడూ లేడు.